నూనె డబ్బా, కృపారాణి ప్రార్థన, పందొమ్మిదో ఎక్కం

మొన్న శుక్రవారం మా స్కూల్ల ఏమైందో తెలుసా? ఎనిమిదో తరగతిల దేవుడు, సైన్సు, నేను ముగ్గురం కల్సి మా అమ్మ నూనె డబ్బాను అప్పడం లెక్క నలిపి పెట్టినం. దేవునికి ఏం కాలే. సైన్సుకు అసలే ఏం కాలే. మధ్యల నా పరువే... సరే, మొదటి నుంచి చెప్త. చాయ్ చల్లారేలోపు అయిపోతది.

మాది చేవెళ్ళ. నేను పనిచేసేది మొయినాబాద్‌ల ఒక చిన్న క్రిస్టియన్ స్కూల్ల. కంప్యూటర్ మేడం అంటరు నన్ను. పేరుకు మేడమే గని, నాకు కంప్యూటర్ నేర్పిన మేడం ఎవరు లేరు. డిగ్రీ మధ్యల వదిలేసి, ఇంటర్నెట్ సెంటర్ల గంట లెక్కన కూసొని, పక్క కుర్చీలోళ్ళు ఏం నొక్కుతున్నరో చూసి నేర్చుకున్న. గట్ల నేర్చుకున్నవి మస్తున్నయి. టైపింగు, కుట్టు మిషను, సి లాంగ్వేజి, సగం జావా, పావు వంతు హార్మోనియం. పూర్తిగ వచ్చింది మాత్రం ఒక్కటి లేదు. మా అమ్మ ఎప్పుడూ ఒకటే మాట, "నీ చేతుల ఏది పెట్టినా సగం ఉడికిన అన్నమే బిడ్డా. మూత పెట్టినంక జర ఉడకనియ్యవు. ఊకె తీసి చూస్తవు."

చర్చిల గూడ నా కత గంతే. అందరు కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిసి ఎవరి చీర ఏందో చూస్త. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూసొని తొడమీద గిల్లుడే. దేవుని మీద నమ్మకం లేక కాదు. నమ్మకమున్నది. ఓపికే లేదు.

ఇట్లాంటి నాకు సైన్సు చెప్పాలె అని కోరిక పుట్టింది. ఎందుకు పుట్టిందంటే, మా సైన్స్ సార్ ఉన్నట్టుండి ఉద్యోగం మానేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంట అని అమీర్‌పేట పోయిండు. ఇప్పుడు ఊరూరా అదే జబ్బు కదా! పాలు పోసేటాయన గూడ "మా వాడు జావా చేస్తుండు" అంటుండు. అందరు కంప్యూటర్ దిక్కు ఉరుకుతుంటే నేను కంప్యూటర్ వదిలి సైన్సు దిక్కు ఉరికిన. మా స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌ల ఉన్నయే మూడు కంప్యూటర్లు. పొద్దున కరెంటు పోతే పిల్లలకు మౌస్ బొమ్మ బోర్డు మీద గీసి చూపించాలె. ఆ బొమ్మ గీసి గీసి, నిజం చెప్తున్న, నాకు ఎలుకల మీద అసహ్యం పుట్టింది.

కరెస్పాండెంట్ సార్ దగ్గరికి పోయి అడిగిన. సార్‌ది గోదావరి దిక్కు. వెనకట ఎక్కడనో కాలేజీల ఫిజిక్స్ చెప్పిన్రు. ఇప్పుడు స్కూల్ చూసుకుంటరు, ఆదివారం చర్చిల వాక్యం చెప్తరు. తెల్ల చొక్కా, జేబుల రెండు పెన్నులు, మెల్లగ మాట్లాడుతరు.

"బీఎడ్ లేదు కదమ్మా స్వరూపా," అన్నరు.

"లేదు సార్. గని పదో తరగతి దాక సైన్స్ బుక్కులన్ని ఇంట్ల కూసొని చదివిన."

"చదవడం వేరు, చెప్పడం వేరు. శుక్రవారం ఎనిమిదో తరగతిలో ఒక డెమో క్లాస్ చెప్పు. గాలి పీడనం. నేనొచ్చి వెనక కూర్చుంటాను. నచ్చితే నువ్వే సైన్స్ టీచర్‌వి. నచ్చకపోతే..."

"మళ్ళ ఎలుక బొమ్మనే సార్."

సార్ నవ్విన్రు. "ఇంకోటి గుర్తుంచుకో. మన పద్ధతి తెలుసుగా?"

ఆ పద్ధతి సంగతి మీకు చెప్పాలె, లేకపోతే తర్వాత అయిన ఆగం అర్థం కాదు. మా స్కూల్ల ప్రతి క్లాసు మొదట ఒక పిల్లో పిల్లగాడో లేచి ప్రార్థన చెయ్యాలె. రోల్ నంబర్ లెక్కన వంతు. ఇష్టం లేనోళ్ళు వంతు వదిలెయ్యొచ్చు, ఎవరు ఏమనరు. చేసేటోళ్ళు మాత్రం ఆ రోజు పాఠంల ఉన్నదాన్ని ప్రార్థనల కలపాలె. ఇది సార్ పెట్టిన నియమం. "ప్రయోగం చేసే చేయి, దణ్ణం పెట్టే చేయి ఒకటేనమ్మా. పిల్లలకి రెండూ వేరని నేర్పకండి," అని స్టాఫ్ మీటింగుల చెప్తుంటరు.

పిల్లలు ఊరుకుంటరా? గుండె పాఠం రోజు ఒకడు లేచి, "ప్రభువా, నాలుగు గదుల గుండె ఇచ్చినందుకు స్తోత్రం. అన్ని గదుల్ల నువ్వే ఉండు, కిరాయి అడగం" అన్నడు. ఘర్షణ పాఠం రోజు, "ప్రభువా, ఘర్షణ లేకపోతే మేము బాత్‌రూంల జారిపడేటోళ్ళం." ఇగ అనిరుధ్ అని ఒకడున్నడు. వాళ్ళ అమ్మానాన్న విజయవాడ దిక్కు నుంచి వచ్చి ఇద్దరు సాఫ్ట్‌వేర్, గండిపేట దగ్గర గేటున్న కాలనీల ఉంటరు. వాళ్ళు క్రిస్టియన్లు కారు, అయినా వాడు వంతు వదలడు. లేస్తడు, "థాంక్యూ ఫర్ గ్రావిటీ, ఆమెన్" అంటడు, కూసుంటడు. నాకు ఆ క్లాసుల మస్తు ఇష్టమైన భక్తుడు వాడే. చిన్నగ, చక్కగ!

సరే. నేను ప్రయోగం ఏం చెయ్యాలో ముందే అనుకున్న. ఖాళీ రేకు డబ్బాల కొన్ని నీళ్ళు పోసి మరగబెట్టాలె. ఆవిరి బయటికొస్తుంటే దాంతోపాటు లోపలి గాలి గూడ పోతది. పొయ్యి ఆర్పి, మూత గట్టిగ బిగించి, పైన చల్లనీళ్ళు పోస్తే లోపలి ఆవిరి నీళ్ళయితది. లోపల ఖాళీ. బయట గాలి ఊకుంటదా? పిడికిలి పెట్టి గుద్దినట్టు డబ్బాను నలిపేస్తది. పిల్లలు నోరు తెరుస్తరు, సార్ సంతకం పెడుతరు, అయిపోయె!

డబ్బా ఏది మరి? అమ్మ దగ్గర తళతళ మెరిసే నూనె డబ్బా ఒకటున్నది. అది కడిగి, ఎండబెట్టి, పండుగ పిండివంటలకని అటుక మీద దాచింది. అడిగితే ఇయ్యది. అందుకే అడగకుంటనే దించుకున్న. పక్కింటి నుంచి ఇంకోటి అడుక్కున్న. వత్తుల స్టవ్ ఒకటి. మొత్తం సంచిల వేసుకొని పొద్దుగాల చేవెళ్ళల బస్సెక్కిన.

కండక్టర్ వాసన పట్టిండు. "ఏందమ్మా, మొయినాబాద్‌ల హోటల్ పెడుతున్నవా?"

"కాదన్నా, డెమో క్లాస్ ఉన్నది."

"వంటల క్లాసా?"

"సైన్సు."

"కిరోసిన్ కారితే బస్సు మొత్తం సైన్సే," అని నన్ను డ్రైవర్ వెనక సీటు నుంచి లేపి డోర్ కాడికి పంపిండు. మొయినాబాద్ వచ్చేదాక ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో స్టవ్. దేవునికి ఆ పొద్దు మొదటి ప్రార్థన డోర్ కాడనే చేసిన. కండ్లు తెరిచే!

క్లాసుకు పోయిన. సార్ అప్పటికే వెనక బెంచి పక్కన కుర్చీ వేసుకొని కూసున్నరు. చేతుల చాయ్ గ్లాసు. నేను రోల్ నంబర్లు ముందే చూసి పెట్టుకున్న. ఆ రోజు వంతు అనిరుధ్‌ది కాదు గని, వాని అసొంటోడే ఇంకొకనిది. రెండు ముక్కల్ల ముగించే పిల్లగాడు. అందుకే ఒక తెలివైన ఉపాయం చేసిన. నా తెలివి సంగతి మీకు తెలుసు కదా! ప్రార్థన కంటె ముందే డబ్బాల నీళ్ళు పోసి స్టవ్ ముట్టిచ్చిన. వాడు ఆమెన్ అనేసరికి నీళ్ళు జర వేడెక్కుతయి, టైం మిగుల్తది అని.

"ప్రార్థన ఎవరిది ఇయ్యాల?" అన్న.

"మేడం, వాడు రాలే. శంకర్‌పల్లిల వాళ్ళ మేనమామ పెండ్లి."

"మరి తర్వాత వంతు?"

కృపారాణి లేచింది.

నా గుండెల నాలుగు గదులు ఒక్కసారి ఖాళీ అయినయి. కృపారాణి ఎవరో చెప్పాలె. వాళ్ళ నాయన మా చేవెళ్ళ చర్చి పాస్టరు. రెండు జడలు, రెండు రిబ్బన్లు, సన్నగ ఉంటది. గని ప్రార్థనకు లేచిందంటే మా తెలుగు మేడం పక్క క్లాసుల అటెండెన్స్ వేసి, డిక్టేషన్ చెప్పి, దిద్దుకొని వస్తది, ఈ పిల్ల ఇంకా బైబిల్ల ఎర్ర సముద్రం దాటనే దాటదు.

"జర చిన్నగ చెయ్ బిడ్డా," అన్న మెల్లగ.

"సరే మేడం," అని చేతులు జోడించింది. అందరు కండ్లు మూసుకున్నరు. సార్ చాయ్ గ్లాసు కింద పెట్టి కండ్లు మూసుకున్నరు. నేను గూడ మూసుకున్న. ఒకటే.

"ప్రేమగల తండ్రీ, పరిశుద్ధుడా, భూమ్యాకాశములను కలుగజేసిన దేవా, నీకు స్తోత్రములు. మేము చూడలేకపోయినా మా చుట్టూ గాలిని ఉంచినందుకు స్తోత్రములు. మాకు ముక్కు ఇచ్చినందుకు స్తోత్రములు. ముక్కుకు రెండు రంధ్రములు ఇచ్చినందుకు స్తోత్రములు..."

ముక్కు దాకనే ఇంత టైం పట్టింది. ఇగ ఊపిరితిత్తులున్నయి, గాలిపటమున్నది, సైకిల్ ట్యూబ్ ఉన్నది. స్టవ్ మీద డబ్బా సుయ్యిమంటున్నది. కృపారాణి తుఫానుకు పోయింది. తుఫాను నుంచి సముద్రం. సముద్రం నుంచి పడవ. డబ్బా మూతి నుంచి ఆవిరి సన్నగ మొదలైంది. పిల్ల ఆ పడవ దిగేలోపు ఆవిరి ఒక మూర పొడుగు లేసింది.

నాకు చెమటలు. నీళ్ళు మొత్తం ఆవిరయిపోతే డబ్బా మాడుతది. ప్రార్థన ఆపరాదు. ఆపితే సార్ ముందర నా పని అవుట్. ఆపకపోతే డబ్బా అవుట్. ఇగ లాభం లేదని, ఒంటికన్నుతోటి చూసుకుంట, పిల్లిలెక్క నడుచుకుంట పోయి స్టవ్ ఆర్పిన. చున్నీ అంచు మడిచి పట్టుకొని మూత బిగించిన. బిగించి మళ్ళ నా జాగల నిలబడి ఒద్దికగ కన్ను మూసుకున్న. అబ్బ, ఎవరు చూడలే! ఆమెన్ అయినంక చల్లనీళ్ళు పోస్త, నలుగుతది, పిల్లలు చప్పట్లు.

గని డబ్బాకు నా ప్లాన్ చెప్పినమా? కిటికీలకెల్లి చల్లగాలి వస్తున్నది.

కృపారాణి ఆగలే. "అమీర్‌పేట పోయిన మా సైన్స్ సార్‌ను దీవించుము. ఆయనకు త్వరగా ప్రాజెక్టు దొరుకునట్లు చేయుము. మరియు తండ్రీ, మా స్వరూప మేడంను ప్రత్యేకముగా నీ సన్నిధిలో పెడుతున్నాము..."

నా రెండు కండ్లు టక్కున తెరుచుకున్నయి.

"మా మేడంకు బీఎడ్ లేదు తండ్రీ. అది నీకు తెలుసు. అయినను ఆమెకు సైన్స్ ఉద్యోగం ఇప్పించుము. వెనక కూర్చున్న కరెస్పాండెంట్ సార్ హృదయమును మెత్తపరచుము. నీ బలమును ఈ గదిలో మాకు చూపించుము తండ్రీ..."

టక్. టక్ టక్. కర్ర్... ధడేల్!

డబ్బా లోపలికి కుంగి, మెలి తిరిగి, టేబుల్ మీదికెల్లి ఎగిరి కింద పడ్డది. పిల్లలు కెవ్వుమన్నరు. ముందు బెంచోళ్ళు బెంచి కిందికి పోయిన్రు. ఎవడో "సిలిండర్! సిలిండర్!" అని అరిచిండు. పక్క క్లాసు నుంచి తెలుగు మేడం చాక్‌పీసుతోటి ఉరికొచ్చింది. సార్ లేచి నిలబడి, రెండు చేతులు పైకెత్తి, "హల్లెలూయా!" అన్నరు. చాయ్ గ్లాసు కాలు తగిలి దొర్లింది.

అందరు ఆగం ఆగం ఉంటే కృపారాణి ఒక్కతె కండ్లు తెరవలే. నిమ్మళంగ ముగించింది. "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్."

అందరు నలిగిన డబ్బాను చూస్తున్నరు. తర్వాత కృపారాణిని చూస్తున్నరు. తర్వాత మళ్ళ డబ్బాను. బెంచి కిందికెల్లి ఒక గొంతు, "అరేయ్, దీని జోలికి పోవద్దురా. ప్రార్థనతోటి నలిపేస్తది!"

నవ్వులు మొదలైనయి. నాకు మాత్రం నవ్వు రాలే. ఎందుకంటే నాకు ముందర బాయి, వెనక గొయ్యి. ఇది ప్రార్థనతోటి కాలే, ఆవిరితోటి అయింది అంటే, ఆ పిల్ల మనసు నొస్తది, సార్ ఏమనుకుంటరో తెల్వదు. ప్రార్థనతోటే అయింది అంటే, నేను ఇగ సైన్స్ మేడం ఎట్లయిత?

"ఏమ్మా స్వరూపా," అన్నరు సార్, ప్యాంటు మీద చాయ్ తుడుచుకుంట. "ఏమైందో పిల్లలకి చెప్పు మరి."

"ఇది గాలి పీడనం సార్. ప్రార్థన లేకపోయినా అయితది. చూపిస్త."

నోరు జారిందా, అయిపోయింది! "ప్రార్థన లేకపోయినా" అన్న మాట వినంగనే కృపారాణి తల కిందికి వేసింది. జడలు రెండు ముందుకు పడ్డయి. గని ఆగితే నేనెట్లయిత? పక్కింటి డబ్బా తీసిన. నీళ్ళు పోసిన. స్టవ్ ముట్టిచ్చిన. బుస్సుమని జర ఆవిరి కనవడంగనే ఆర్పి, మూత బిగించి, చెంబెడు చల్లనీళ్ళు గుమ్మరిచ్చిన.

ఏం కాలే.

ఇంకో చెంబు పోసిన. డబ్బా 'టిక్' అన్నది. అంతే. నన్ను చూసి నాలుక చప్పరించినట్టు.

ఇంకో చెంబు. టేబుల్ తడిసింది, రిజిస్టర్ తడిసింది, నేను తడిసిన. డబ్బా మాత్రం పెండ్లిపిల్లగాని లెక్క నిలబడ్డది.

అనిరుధ్ చెయ్యెత్తిండు. "మేడం, ప్రేయర్ చేస్తే నలిగింది. ప్రేయర్ చేయకపోతే నలగలేదు. అంటే ఎక్స్‌పెరిమెంట్ ప్రకారం..."

"కూసో అనిరుధ్."

"కాదండీ, రిజల్ట్ చెప్తున్నాను."

"నేను చూస్తున్న కదా రిజల్ట్! కూసో."

క్లాస్ మొత్తం గుసగుస. ఒకడు కృపారాణిని అడుగుతున్నడు, "మా లెక్కల పేపర్ మీద గూడ ప్రార్థన చేస్తవా?" ఆ పిల్ల ఏడుపు మొఖం పెట్టింది. "నేను డబ్బా కోసం చెయ్యలేరా! మేడం కోసం చేసిన!"

సార్ మెల్లగ ముందుకొచ్చిన్రు. నా పని అయిపోయింది అనుకున్న. మనసుల అప్పుడే ఎలుక బొమ్మకు తోక గీస్తున్న.

"ఎందుకు నలగలేదమ్మా?"

తెలిసినట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు. డబ్బా మందం ఎక్కువ, మూత లూజు, గట్ల. బుక్కుల చదివిన పెద్ద పెద్ద మాటలు నాలుక చివర దాక వచ్చినయి గూడ. గని కృపారాణి మొఖం చూస్తే అబద్ధం రాలే.

"తెల్వదు సార్," అన్న.

సార్ గడ్డం గోక్కున్నరు. "మొదటిసారి నువ్వు స్టవ్ ఆపినప్పుడు ఆవిరి మూర పొడుగు వచ్చింది. రెండోసారి జానెడైనా రాలేదు. అది ఆలోచించు."

అనిరుధ్ మళ్ళ లేచిండు. "సార్, మేడం స్టవ్ ఆపింది ప్రేయర్‌లో కదా? మీరు... కళ్ళు తెరిచారా సార్?"

మీరు చూడాలె ఆ మొఖం! గోదావరి మొత్తం ఆ మొఖంల కెల్లి పోయింది. సార్ ఒకసారి దగ్గిన్రు. కిటికీ దిక్కు చూసిన్రు. "స్టవ్ మండుతోంది కదరా, పిల్లల భద్రత కోసం..." అన్నరు. ఇగ ఎవడు వింటడు? బెంచీలు గుద్దుకుంట నవ్వుతున్నరు. "సార్ చూసిన్రు! సార్ గూడ చూసిన్రు!" తెలుగు మేడం తలుపు కాడ కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆ నవ్వుల మధ్యల నాకు అమ్మ మాట ఇనవడ్డది. జర ఉడకనియ్యవు బిడ్డా.

"సార్! ఉడకలే!" అన్న గట్టిగ. "మొదటిసారి కృపారాణి ప్రార్థన అయ్యేదాక నాకు ఆగక తప్పలే. నీళ్ళు మంచిగ మరిగినయి, లోపలి గాలి మొత్తం బయటికి పోయింది. రెండోసారి నేను ఆగలే. గాలి లోపలనే ఉన్నది. లోపల గాలి, బయట గాలి సమానముంటే ఎవడు ఎవణ్ణి నలుపుతడు?"

"అది నీ హైపోథెసిస్," అన్నరు సార్, ఫిజిక్స్ గొంతుతోటి. "రుజువేది?"

"ఇంకోసారి ప్రేయర్ చేసి చూద్దామా?" అన్నడు ఎవడో.

"వద్దు!" కృపారాణి, నేను, సార్, ముగ్గురం ఒకటేసారి అన్నం. దేవునికి పరీక్ష పెట్టుడు మంచిది కాదని మా ముగ్గురికి భయమే.

అనిరుధ్ దగ్గరనే ఉపాయమున్నది. "మేడం, సేమ్ టైం, కానీ ప్రేయర్ బదులు ఎక్కాలు చదువుదాం. అప్పుడు కూడా నలిగితే టైం వల్లే అని తెలుస్తుంది."

నిజంగ, ఆ పిల్లగాణ్ణి ఎత్తుకొని ముద్దు పెట్టుకోవాలనిపించింది. రెండో డబ్బాకు ఏం కాలేదు కదా, దాంట్లనే మళ్ళ నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టిన. రెండో ఎక్కం నుంచి మొదలు. క్లాస్ మొత్తం ఒకటే గొంతు. పదో ఎక్కం దాక రైలు లెక్క పోయింది. నా చెయ్యి రెండుసార్లు స్టవ్ దిక్కు పోయింది. రెండుసార్లు కృపారాణి "మేడం..." అన్నది, అచ్చం మా అమ్మ గిల్లినట్టు. పదమూడుకు జర కుంటిన్రు. పదిహేడు కాడ సగం మంది దిగిపోయిన్రు. పందొమ్మిదో ఎక్కం చదివెటోళ్ళు ముగ్గురే మిగిలిన్రు. ఒకడు అనిరుధ్, ఇంకోటి కృపారాణి, మూడో మనిషి సార్. "పందొమ్మిది ఏళ్ళు..." అని సార్ ఆగి వేళ్ళు లెక్క పెడుతుంటే ఆవిరి మూర దాటింది.

స్టవ్ ఆర్పిన. మూత బిగించిన. ఒక్క చెంబు.

కర్ర్... ధడేల్!

ఈసారి అందరు కండ్లు తెరిచే ఉన్నరు. చప్పట్లు ఎంత గట్టిగ కొట్టిన్రంటే ప్యూను గంట కొట్టింది గూడ ఇనవడలే. అనిరుధ్ బోర్డు మీద తనే పోయి రాసిండు, ప్రేయర్‌కు ఒక టిక్కు, ఎక్కాలకు ఒక టిక్కు, తొందరకు ఒక ఇంటూ. ఆ ఇంటూ పక్కన నా బొమ్మ వేసిండు. రెండు జుట్టు పోసలు లేచి ఉన్నయి. పోలిక బాగనే ఉన్నది.

గని కృపారాణి చప్పట్లు కొట్టలే. నా దగ్గరికొచ్చి సన్నగ అడిగింది. "మేడం, అంటే నా ప్రార్థన పనిచెయ్యనట్టేనా?"

ఇగ చెప్పండి, ఏ సైన్స్ బుక్కుల ఉంటది దీనికి జవాబు? నేను వంగి ఆ పిల్ల రిబ్బను సరిచేసిన.

"నువ్వు డబ్బా కోసం చెయ్యలే అని నువ్వే చెప్తివి కదా. డబ్బా సంగతి ఆవిరి చూసుకున్నది. నువ్వు అడిగింది నా ఉద్యోగం. అది అయిందో కాలేదో..." అని మెల్లగ వెనక్కి తిరిగిన. "సార్‌ను అడగాలె."

క్లాస్ మొత్తం సార్ దిక్కు తిరిగింది. కృపారాణి సార్ దిక్కు చూసిన చూపున్నది కదా, రాయైనా కరుగుతది. సార్‌కు ఇరుకున పడ్డట్టు అప్పుడు అర్థమైంది. కాదంటే ఎట్లంటరు? ఆ పిల్ల హృదయమును మెత్తపరచుము అని అందరి ముందర అడిగె! పైగా ఆయన కండ్లు తెరిసి చూసిన్రని క్లాస్ మొత్తానికి తెలిసిపాయె!

"ఇరికించేశారు కదమ్మా, గురువూ శిష్యురాలూ కలిసి," అన్నరు సార్. నవ్వు ఆపుకుంటున్నరు. "సరే. సోమవారం నుంచి సైన్స్ నీదే. ఎందుకో తెలుసా? డబ్బా నలిగినందుక్కాదు. తెలియదు అన్నావు చూడు, అందుకు. కానీ ఒక కండిషన్."

"చెప్పుండ్రి సార్."

"నీ క్లాసులో ఎప్పుడు ప్రయోగమున్నా, ఆ రోజు ప్రార్థన కృపారాణిదే. అది ప్రయోగం కోసం కాదు, నీ కోసం."

కృపారాణి మొఖం విచ్చుకున్నది. "మేడం, ఇప్పుడు స్తుతి ప్రార్థన చెయ్యనా?"

"చిన్నగ!" అన్నది క్లాస్ మొత్తం.

సాయంత్రం నలిగిన డబ్బాలు రెండు సంచిల వేసుకొని ఇంటికొచ్చిన. అదే బస్సు, అదే కండక్టర్. సంచిల తొంగి చూసి, "క్లాస్ గట్టిగనే చెప్పినట్టున్నవు," అన్నడు.

ఇంట్ల అమ్మ పొయ్యి కాడ ఉన్నది. "అమ్మా! నాకు సైన్స్ టీచర్ ఉద్యోగం పక్కా అయింది!"

అమ్మ మొఖం వెలిగిపోయింది. "దేవా, నీకు స్తోత్రం!" అన్నది. నన్ను దగ్గరికి తీసుకున్నది. అప్పుడు సంచి జారి, తళతళ మెరిసే నూనె డబ్బా కింద పడి, నలిగిన చంద్రుని లెక్క దొర్లి అమ్మ కాళ్ళ కాడ ఆగింది.

అమ్మ దాన్ని చూసింది. నన్ను చూసింది. నేను వాయు పీడనం మొత్తం వివరంగ చెప్పిన. లోపలి గాలి, బయటి గాలి, ఆవిరి, చల్లనీళ్ళు, అన్ని. అమ్మ విన్నది. అయినంక అన్నం గిన్నె మీద మూత పెట్టి నన్ను పొయ్యి ముందర కూసోబెట్టింది.

"కండ్లు మూసుకో. నేను ఆమెన్ అనేదాక మూత తియ్యొద్దు," అన్నది. "ఉద్యోగానికి స్తోత్రం చెప్పాలె, డబ్బాకు క్షమాపణ అడగాలె. జర పొడుగే ఉంటది."

పొడుగే ఉన్నది. అమ్మ మా తాత కాలం నుంచి ఎత్తుకున్నది. కృపారాణి ఎవరి శిష్యురాలో నాకు అప్పుడు అర్థమైంది, మా చర్చి ఆదివారం బడిల పిల్లలకు పాఠం చెప్పేది మా అమ్మనే కదా! అన్నం మాడిన వాసన వస్తున్నది. సైన్స్ టీచర్‌ను కాబట్టి ఎందుకు మాడుతున్నదో నాకు పూర్తిగ తెలుసు. కన్ను తెరిచి మూత దిక్కు చెయ్యి పెట్టిననో లేదో, తొడమీద గిల్లు పడ్డది.

అంటే అమ్మ గూడ చూస్తనే ఉన్నది.